తుమ్మెదకు సరిపడే రక్తం

అనగా అనగా, మీ తాతల తాతలు ఇంకా ఉయ్యాల దిగని రోజుల్లో, కుక్కలూ పిల్లులూ కూడా మనుషులతో నాలుగు మాటలు మాట్లాడే రోజుల్లో, పొగడపురం అని ఒక చిన్న రాజ్యం ఉండేది. నాలుగు మాటలంటే నాలుగే. అవసరముంటే మాట్లాడేవి, లేకపోతే తోక ఊపుకుంటూ ఊరుకునేవి. మనలాగా పొద్దస్తమానం వాగే అలవాటు వాటికి లేదు.

ఆ పొగడపురాన్ని శంఖభూపతి అనే రాజు ఏలుతుండేవాడు. మంచి రాజే. కోపం మాత్రం ముక్కు మీద ఉండేది. ఆయనకు ఒక్కగానొక్క కూతురు, ఆరేళ్ళది, పేరు కువలయ. కువలయకు ఒక ఆడకుక్క, నల్లగా నిగనిగలాడుతూ ఉండేది, పేరు తుమ్మెద. కువలయ తప్పటడుగులు వేసింది తుమ్మెద వీపు పట్టుకునే. అన్నానికి కూర్చుంటే తనకో ముద్ద, తుమ్మెదకో ముద్ద. పక్కన తుమ్మెద లేదంటే ఆ పిల్ల నిద్ర లేచినా కళ్ళు తెరిచేది కాదు.

అయితే ఈ కథ రాజుగారిది కాదు, రాకుమారిదీ కాదు. తప్పెట ఓబులేసుది.

ఓబులేసు పని చాటింపు వేయడం. రాజుగారు ఏ మాట సెలవిచ్చినా దాన్ని వీధి వీధికీ మోసుకెళ్ళి, తప్పెట మీద దరువు వేసి, జనం చెవిన పడెయ్యాలి. గొంతా, గంట మోగినట్టుండేది. ఒక్కటే లోపం. ఉన్న మాట ఉన్నట్టు చెప్పడం అతని వల్ల అయ్యేది కాదు. మాటకు ఒక నగ తగిలించందే గొంతు పెగిలేది కాదు.

ఒకసారి రాజుగారు, "రేపు కాలవ పూడిక తీయాలి, ఇంటికొక మనిషి రావాలి" అన్నారు. ఓబులేసు ఏం చాటాడో తెలుసా? "ఇంటికొక వీరుడు, కాలవకొక శూరుడు" అన్నాడు. మర్నాడు జనమంతా కత్తులు పట్టుకుని వచ్చారు. పార తెచ్చినవాడు ఒక్కడూ లేడు. రాజుగారు కోప్పడబోయి, పగలబడి నవ్వారు. ఆ నవ్వు చూసి ఓబులేసు తనను మెచ్చుకున్నారనే అనుకున్నాడు. అదిగో, చేటు అక్కడ మొదలైంది.

ఓబులేసుకు పెళ్ళాం పోయింది, పిల్లలు లేరు. ఉన్నదల్లా ఒక కుక్క. మూడేళ్ళ కిందట ఊరి చివర పెంటకుప్ప మీద, కళ్ళు కూడా తెరవని కూనగా దొరికింది. పుట్టిన పిల్లలు దక్కని ఇళ్ళలో, దక్కిన పిల్లవాడికి పెంటయ్య అని పేరు పెడతారు కదా, అంత చవక పేరు మీద ఎవరి దిష్టీ పడదని. ఓబులేసు కూడా అదే చేశాడు. మేకపాలలో గుడ్డ ముంచి నోట్లో పిండి, గుండెల మీద పడుకోబెట్టుకుని, "నువ్వు దక్కాలిరా పెంటిగా" అంటూ పెంచాడు. పెంటయ్య దక్కాడు. దక్కడమేమిటి, దూడంత అయ్యాడు. చెవులు ఒకటి పైకి, ఒకటి కిందికి. ఒళ్ళు బూడిద రంగు. ఎవరైనా కాలు తొక్కినా మొరగడు, కాలు జరుపుకుంటాడు, అంత నెమ్మది.

ఓబులేసు తప్పెట కొడుతూ ముందు నడిస్తే, పెంటయ్య వెనక నడిచేవాడు. ఊరంతా వాళ్ళను అలాగే చూసేది.

ఆ ఏడు ఎండాకాలం రక్తం పీల్చే పిడుదులు విపరీతంగా పట్టాయి. ఎద్దులకూ కుక్కలకూ చెవుల్లో, వేళ్ళ సందుల్లో, ఎక్కడ చూసినా అవే. అంతఃపురంలోకి రాకూడదని వాటికి ఎవరు చెబుతారు? ఒకరోజు పొద్దున్నే తుమ్మెద లేవలేదు. కువలయ ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టినా వాసన చూసి ముఖం తిప్పుకుంది.

రాజుగారు అక్కమాంబకు కబురు పంపారు. అక్కమాంబ ఆ రాజ్యంలో పశువులకూ కుక్కలకూ పిల్లులకూ వైద్యం చేసే ముసలమ్మ. తల ముగ్గుబుట్టలా నెరిసింది, చేతులు మాత్రం వణికేవి కావు. ఆమె వచ్చి తుమ్మెద పక్కన చతికిలబడి, పెదవి పైకెత్తి చిగుళ్ళు చూసింది. ఎర్రగా ఉండాల్సిన చిగుళ్ళు సున్నం కొట్టిన గోడలా ఉన్నాయి.

"పిడుదుల జ్వరం ఏలినవారూ" అంది. "రక్తమంతా తినేసింది. మందు ఉంది, ఇస్తాను. మందు పనిచెయ్యడానికి రెండు రోజులు కావాలి. అంతదాకా నిలబడడానికి ఈ ఒంట్లో ఉన్న రక్తం చాలదు. పొద్దు కొండ వెనక్కి దిగేలోగా ఇంకో కుక్క రక్తం కాస్త దీనికి ఎక్కించాలి."

"నాది తీసుకో అవ్వా" అని కువలయ చెయ్యి చాచింది.

"మనిషి రక్తం కుక్కకు పనికిరాదు తల్లీ. పిల్లిదీ పనికిరాదు. కుక్కకు కుక్కే ఇవ్వాలి. అన్ని కుక్కలవీ అన్నిటికీ నప్పవు కూడా." అని అక్కమాంబ గుమ్మం దగ్గర నిలబడ్డ ఓబులేసు వైపు తిరిగింది. "విను నాయనా. సరిపడే రక్తం కావాలి. ఒంట్లో ఏ జబ్బూ లేని కుక్క, బాగా ఎదిగిన కుక్క, నెమ్మదైన కుక్క. ఏ ఇంటిదైనా పరవాలేదు. దానంతట అది ఇష్టపడి రావాలి. ఎన్ని వస్తే అంత మంచిది. ఇదే చెప్పు, ఇంతే చెప్పు."

"చిత్తం" అన్నాడు ఓబులేసు. పెంటయ్య అతని కాళ్ళ దగ్గరే ఉన్నాడు, వాడూ విన్నాడు.

కోట దాటి బయటికి వస్తూ ఓబులేసు మాట కూర్చుకోవడం మొదలుపెట్టాడు. సరిపడే రక్తం, సరిపడే రక్తం. ఏం బాగుంది? చెప్పులకు వాడే మాట, చొక్కాకు వాడే మాట. రాజుగారింటి కుక్క ప్రాణం మీదికి వస్తే ఆ మాటా వాడేది? ఏ ఇంటిదైనా పరవాలేదట. అది దరువులో ఇమడనే ఇమడదు. వదిలేద్దాం. నాలుగడుగులు వేసేసరికి పాట కుదిరిపోయింది.

"వినండహో! రాచ కుక్కకు రాచ రక్తం! మేలుజాతి కుక్కలకే మేలైన ఈ భాగ్యం!"

పెంటయ్య ఆగిపోయాడు. "ఆమె అన్నది అది కాదు నాయనా" అన్నాడు.

"నీకేం తెలుసురా కవిత్వం? నడు" అన్నాడు ఓబులేసు.

చాకలి వీధిలో చాటాడు. మగ్గాల వీధిలో చాటాడు. కుమ్మరి వీధిలో చాటాడు. తప్పెట చప్పుడుకు జనం గుమ్మాల్లోకి వచ్చారు. విన్నారు. అరుగు మీద పడుకున్న తమ కుక్కల వంక ఒకసారి చూసుకున్నారు. "మనవి కావులే" అనుకుని లోపలికి పోయారు. పాపం, వాళ్ళ తప్పేముంది? రాచ రక్తం అని గొంతు చించుకుని చెబుతుంటే, గంజి తాగే కుక్కను ఎవరు తీసుకొస్తారు?

మేడల వీధిలో మాత్రం హడావుడి మొదలైంది.

జాము పొద్దెక్కేసరికి మొదటి కుక్క వచ్చింది. నగరశెట్టిగారి కుబేరుడు. ఇద్దరు మనుషులు పల్లకీలో మోసుకొచ్చారు, వెనకే శెట్టిగారు. రోజూ నెయ్యన్నం, మీద పాయసం. పల్లకీ దిగి నాలుగు మెట్లు ఎక్కడానికి మూడుసార్లు కూలబడ్డాడు.

కువలయ వెళ్ళి అతని ఎదురుగా గొంతుక్కూర్చుంది. ఆ పిల్లకు ఎవరు చెప్పారో, ఎవరూ చెప్పలేదో, చాలా మర్యాదగా అడిగింది. "మా తుమ్మెదకు కొంచెం రక్తం ఇస్తావా?"

"తరవాత నెయ్యన్నం పెడతానంటే ఇస్తాను" అన్నాడు కుబేరుడు ఆయాసపడుతూ.

అక్కమాంబ అతని గుండెకు చెవి ఆనించి చాలాసేపు విన్నది. "శెట్టిగారూ, దీని గుండే బరువు మోయలేక తన్నుకుంటోంది. దీని దగ్గర తీసుకోవడం కాదు, దీనికే వైద్యం చెయ్యాలి. నెయ్యి మానిపించి రోజూ మీరే నడిపించుకుంటూ తిప్పండి. మీకూ మంచిది" అంది. శెట్టిగారికి తల కొట్టేసినట్టయింది. కుబేరుడికి నెయ్యి మాట ఒక్కటే చెవిన పడింది, దిగాలుగా పల్లకీ ఎక్కాడు.

పొద్దు నడినెత్తి మీదికి వస్తుండగా రెండో కుక్క వచ్చింది. మంత్రిగారి భార్య తన కుక్కను పట్టుపరుపు మీద పెట్టించి తెచ్చింది. వెంట ఒక భట్రాజు. కుక్కకు భట్రాజేమిటని నవ్వకండి. దాని వంశం చదవడానికి తెచ్చారు. దాని తల్లి ఫలానా, తల్లి తల్లి ఫలానా, ముత్తవ్వను ఫలానా దేశపు రాణి ముద్దు పెట్టుకుంది. ఐదో తరం దగ్గరికి వచ్చేసరికి అక్కమాంబ చెయ్యెత్తి ఆపింది.

"అయ్యా, కుక్క ఏది?"

పరుపు మధ్యలోంచి రెండు కళ్ళు కనబడ్డాయి. కొబ్బరిబోండాం అంత ఉంది కుక్క. పేరు ముత్యం.

"మా తుమ్మెదకు కొంచెం రక్తం ఇస్తావా?" అని అడిగింది కువలయ.

ముత్యం గజగజ వణుకుతూ కూడా, "ఇస్తాను. ఇస్తే నాకు మిగులుతుందా?" అంది.

"మిగలదు తల్లీ, నీ ఒంట్లో ఉన్నది నీకే" అని అక్కమాంబ దాని తల నిమిరి పంపించేసింది. భట్రాజు మిగిలిన రెండు తరాలూ గుమ్మం బయట చదువుకున్నాడు.

పొద్దు పడమటికి వాలాక మూడో కుక్క వచ్చింది. దండనాయకుడి వేటకుక్క, పేరు గండడు. నడక చూస్తేనే తెలుస్తుంది, ఎత్తూ ఒడ్డూ ఉన్న కుక్క. కువలయ అడగడం పూర్తి కాకముందే, "తీసుకోండి" అని మెడ ముందుకు చాచాడు.

అక్కమాంబ ముఖం ఆ రోజు మొదటిసారి విప్పారింది. గుండె బాగుంది, చిగుళ్ళు బాగున్నాయి, ఒడ్డూ పొడుగూ బాగున్నాయి. ఒక తెల్లటి ఆల్చిప్పలో తుమ్మెద రక్తం రెండు చుక్కలు, గండడి రక్తం రెండు చుక్కలు వేసి మెల్లగా వంచి చూసింది. కలిసిపోతే ఎక్కించొచ్చు. కలవలేదు. విరిగిన పాలలా ముక్కలు ముక్కలైంది.

"సరిపడలేదు" అంది అక్కమాంబ.

"నా తప్పేమైనా ఉందా అవ్వా?" అన్నాడు గండడు.

"నీ తప్పేం లేదు నాయనా. నీ రక్తం బంగారం. దీనికి నప్పలేదు, అంతే." ఆమె ఆల్చిప్ప కడిగి పక్కన పెట్టి ద్వారం వంక చూసింది. ఎవరూ లేరు. "ఇంత ఊళ్ళో మూడే కుక్కలా? ఓబులేసూ, నేను చెప్పినట్టే చాటావా?"

"చాటానమ్మా" అన్నాడు ఓబులేసు.

చూశారా, పొద్దున మాట మార్చాడు. అది పొరపాటనుకుందాం. ఇది మాత్రం అబద్ధం.

"అయితే ఇంకొక్కసారి పోయి చాటు. ఎండ ఆ స్తంభం దాకా వచ్చేలోపు రావాలి" అంది అక్కమాంబ. కువలయ నేల మీద తుమ్మెద పక్కనే పడుకుని దాని చెవిలో ఏదో చెబుతోంది. తుమ్మెద తోక ఊపాలని చూస్తోంది, కొస మాత్రం కదులుతోంది. అది చూస్తూ ఓబులేసు అక్కడ నిలబడలేకపోయాడు. గబగబా ముంగిట్లోకి వచ్చేశాడు.

ముంగిట్లో తప్పెట మెడలో వేసుకున్నాడు గానీ చెయ్యి లేవలేదు.

"ఇప్పుడైనా ఆమె చెప్పిన మాట చెప్పు నాయనా" అన్నాడు పెంటయ్య.

ఓబులేసు మెట్టు మీద కూలబడ్డాడు. "చెప్పనురా. చెప్పలేను."

"కవిత్వం కోసమా?"

"కవిత్వం కాదు, నా బొంద. జబ్బు లేని కుక్క అంది. బాగా ఎదిగిన కుక్క అంది. నెమ్మదైన కుక్క అంది. ఆమె ఒక్కొక్క మాటా చెబుతుంటే నీకు కొలత తీస్తున్నట్టే అనిపించిందిరా నాకు. ఏ ఇంటిదైనా పరవాలేదు అనగానే నా గుండె జారిపోయింది. రక్తం తీసేస్తే నువ్వు బతుకుతావా? నువ్వు పోతే నాకెవరున్నారురా పెంటిగా?"

అదీ సంగతి. ఇందాక మనం, మాటకు నగ పెట్టడం కోసమే మార్చాడనుకున్నాం. అతను కూడా అలాగే అనుకుంటూ ఊరంతా తిరిగాడు. సగం అదే. మిగతా సగం భయం. ప్రేమ ఉన్నచోట భయం ఉండదా? ఓబులేసును తిట్టబోయే ముందు మీ ఇంట్లో ఉన్న పిల్లినో కుక్కనో ఒక్కసారి తలుచుకోండి, అప్పుడు తిట్టండి.

పెంటయ్య వచ్చి అతని మోకాలి మీద గడ్డం ఆనించాడు.

"నన్ను అడిగావా నాయనా?"

"ఏమని?"

"ఇస్తావా అని. ఆ పిల్ల మూడు కుక్కల్నీ అడిగింది. నువ్వు నన్ను ఒక్కమాట అడగలేదు. నీ భయం నువ్వే పడ్డావు, నా జవాబు కూడా నువ్వే చెప్పుకున్నావు."

ఆ కుక్క అంత పొడుగు మాట మాట్లాడడం ఓబులేసు ఎన్నడూ వినలేదు. చివరికి కళ్ళు తుడుచుకుని అడిగాడు. "ఇస్తావట్రా?"

"భయంగానే ఉంది. నువ్వు పక్కన కూర్చుంటే ఇస్తాను."

ఓబులేసు తప్పెట తీసి మెట్టు మీద పెట్టేసి లోపలికి నడిచాడు. రాజుగారి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఏలినవారూ, అమ్మ చెప్పిన మాట నేను చాటలేదు. సరిపడే రక్తం అంటే రాచ రక్తం అని మార్చాను. ఏ ఇంటిదైనా పరవాలేదన్నది మింగేశాను. అందుకే జనం రాలేదు. ఇందాక అమ్మ అడిగితే అబద్ధం చెప్పాను. మా కుక్కను అడుగుతారని భయపడి చెప్పాను. మా కుక్క గుమ్మం దగ్గరుంది. ఇస్తానంటోంది."

శంఖభూపతి లేచి నిలబడ్డాడు. ముఖం కందగడ్డలా అయింది. "పొద్దుటి నుంచి నా బిడ్డ నేల మీద పడి ఏడుస్తోంది. నీ నాలుక..."

"ఏలినవారూ," అంది అక్కమాంబ తల ఎత్తకుండానే, "మీ కోపం రేపు పొద్దున కూడా పనికొస్తుంది. దీనికి ఈ పూట దాటాలి. కుక్కను రమ్మనండి."

పెంటయ్య లోపలికి వచ్చాడు. ఒక చెవి పైకి, ఒక చెవి కిందికి. కువలయ లేచి ముఖం తుడుచుకుని ఎదురెళ్ళింది.

"నీ పేరేమిటి?"

"పెంటయ్య."

మూల నిలబడ్డ దాసీలు కిసుక్కుమన్నారు. కువలయ నవ్వలేదు. "పెంటయ్యా, మా తుమ్మెదకు కొంచెం రక్తం ఇస్తావా?"

"ఇస్తాను. మా నాయన నా పక్కన కూర్చోవాలి."

అక్కమాంబ గుండె విన్నది, చిగుళ్ళు చూసింది, వేళ్ళ సందుల్లో పిడుదులేమైనా ఉన్నాయేమో వెతికింది. ఒక్కటీ లేదు. రోజూ పొద్దున్నే ఓబులేసు కూర్చుని ఏరేసేవాడు మరి. ఆల్చిప్పలో రెండేసి చుక్కలు వేసి వంచింది. రెండు రక్తాలూ కలిసి చిప్ప అంచు దాకా నున్నగా పారాయి. ఆమె మళ్ళీ ఇటు వంచి చూసింది. మళ్ళీ నున్నగా పారింది.

"సరిపడింది" అంది.

మెడ దగ్గర కాస్త వెంట్రుకలు గొరిగి, కడిగి, వెండి సూది పెట్టింది. పెంటయ్య ఒక్కసారి ఉలిక్కిపడి అంతలోనే సర్దుకున్నాడు. ఓబులేసు అతని తల ఒళ్ళో పెట్టుకున్నాడు. అంత మాటకారికి ఆ వేళ ఒక్క అలంకారం కూడా తట్టలేదు. "ఇక్కడే ఉన్నానురా, ఇక్కడే ఉన్నాను" అని మాత్రం అంటూ ఉన్నాడు.

"ఎంత తీస్తారమ్మా?" అని అడిగాడు.

"సోలెడు. అంతకు మించి చుక్క తియ్యను. చెలమలో నీళ్ళు తోడితే మళ్ళీ ఊరవూ? ఇదీ అంతే. కొన్ని వారాల్లో ఊరిపోతుంది. అలాగని మాటిమాటికీ తోడకూడదు, మళ్ళీ మూడు నెలల దాకా దీన్ని ఎవరూ అడగకూడదు."

రక్తం గడ్డకట్టనివ్వని మూలిక రసం పోసిన గిన్నెలోకి సోలెడూ వచ్చింది. దాన్ని సన్నని గొట్టంలోంచి చుక్క చుక్కగా తుమ్మెదకు ఎక్కించింది. ఒక్కసారిగా పోస్తే ఒళ్ళు తట్టుకోదట. కువలయ చుక్కలు లెక్కపెట్టబోయి, లెక్క తప్పి, మొదటికొచ్చి, మళ్ళీ తప్పింది.

పొద్దు కొండ అంచును తాకింది. అక్కమాంబ తుమ్మెద పెదవి ఎత్తి చూసింది. సున్నపు తెలుపులోకి, ఎక్కడో లోపలి నుంచి, లేత గులాబి రంగు వచ్చింది. తుమ్మెద తల ఎత్తి, కువలయ చేతిలో పొద్దున కలిపి ఎండిపోయిన ముద్దను వాసన చూసి, నాకింది. కువలయ అప్పుడు మళ్ళీ ఏడుపు అందుకుంది, ఈసారి ఇల్లు ఎగిరిపోయేటట్టు. రాజుగారు కూడా పైకండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

పెంటయ్య కాసేపు పడుకున్నాడు. తరవాత లేచి, రాగిసంకటీ మాంసం పులుసూ పెడితే గిన్నె మెరిసేదాకా నాకి, ఇంకా ఉందా అన్నట్టు చూశాడు. అది చూశాక గానీ ఓబులేసుకు ఊపిరాడలేదు.

మర్నాడు రాజుగారు ఓబులేసును పిలిపించారు. కోపం రాత్రికి సగం చల్లారింది, సగం మిగిలింది.

"నీ కుక్క నా బిడ్డకు ప్రాణంలాంటి తుమ్మెదను నిలబెట్టింది. దానికి నేను ఋణపడ్డాను. నువ్వు మాత్రం తప్పు చేశావు. శిక్ష ఇదీ. నీ తప్పు నువ్వే వీధి వీధినా చాటాలి. అక్కమాంబ చెప్పిన మాట చెప్పినట్టు చాటాలి. ఒక్క నగ పెట్టావో, తప్పెట లాగేసుకుంటాను."

మూడు రోజులు పెంటయ్యను నీడపట్టున ఉంచి, నాలుగో రోజు చల్లని పొద్దున ఓబులేసు బయలుదేరాడు. గొరిగిన మెడతో పెంటయ్య వెనక నడిచాడు. మొట్టమొదట చాకలి వీధి.

తప్పెట మీద ఒక్క దరువు వేసి ఓబులేసు చెప్పాడు. "మొన్న నేను తప్పు చాటాను. రాచ రక్తం అవసరం లేదు. కుక్కకు జబ్బు చేస్తే కుక్క రక్తం కావాలి, పిల్లికి చేస్తే పిల్లి రక్తం కావాలి. జబ్బు లేనిది, ఎదిగినది, నెమ్మదైనది, ఏ ఇంటిదైనా పరవాలేదు. సరిపడుతుందో లేదో అక్కమాంబగారు చూస్తారు. మావాడు ఇచ్చాడు, ఇదిగో, బాగున్నాడు. ఇష్టముంటే మీవాళ్ళను అడిగి తీసుకురండి."

అంతే చెప్పాడు. అతని జీవితంలో అంత పొడి చాటింపు వేయలేదు. సిగ్గుతో తలెత్తలేదు కూడా.

చాకలి వీధి మొదటి ఇంట్లో మాచమ్మ అని ఒక చాకలామె ఉండేది. బట్టల మూట పక్కన పెట్టి గుమ్మంలోకి వచ్చింది. వెనకాలే ఎర్రటి కుక్క, గాడిద పిల్లంత ఉంది. "ఇంతేనా అయ్యా కావలసింది? ఇదేదో మొన్ననే చెప్పుంటే మావాణ్ణి అప్పుడే తెచ్చేదాన్ని కదా. రాజుగారి బిడ్డ ఏడుస్తోందని తెలిసి మేమంతా ఇక్కడే కూర్చుని బాధపడ్డాం. మనవి పనికిరావు కదా అని."

పక్కింటివాళ్ళూ అదే మాట అన్నారు. ఎదురింటివాళ్ళూ అదే మాట అన్నారు.

సాయంత్రానికి అక్కమాంబ ముంగిలి కుక్కలతో పిల్లులతో నిండిపోయింది. ఆమె ఒక్కొక్కదాని రక్తమూ ఆల్చిప్పలో చూసి, ఒకదానికొకటి నప్పేవాటికి ఒకే రంగు దారం మెడలో కట్టింది. పిల్లుల దగ్గర ఇంకా జాగ్రత్తపడింది. నప్పని రక్తం మొదటిసారే ఎక్కినా పిల్లి తట్టుకోలేదు, ముందు చూసుకోవలసిందే అని అందరికీ చెప్పింది. నెల తిరక్కుండానే గానుగవాళ్ళ పిల్లికి ప్రాణం మీదికి వస్తే, దానిలాగే పసుపు దారం ఉన్న పిల్లి ఇంకో వీధి నుంచి వచ్చి నిలబెట్టింది. అప్పుడు ఎవరూ తప్పెట కొట్టవలసిన పని కూడా పడలేదు.

ఆ మొదటి సాయంత్రం మాత్రం, దారాలు కట్టడం అయిపోయాక, ఓబులేసు ఉండబట్టలేక అడిగాడు. "అమ్మా, మావాడు కాక తుమ్మెదకు సరిపడేవి ఇంకేమైనా ఉన్నాయా?"

"ఆరున్నాయి నాయనా. మాచమ్మ ఎర్రకుక్క ఒకటి. దాని పక్కింటిది ఒకటి."

ఓబులేసు అక్కడే అరుగు మీద కూర్చుండిపోయాడు. ఆ పొద్దున కోట దాటి ఎన్ని అడుగులు వేశాడో, ఎండ ఎంతసేపు జరిగిందో, ఆ పిల్ల ఎంతసేపు నేల మీద పడి ఉందో అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. పెంటయ్య వచ్చి అతని చెయ్యి నాకాడు.

కాబట్టి పిల్లలూ, సాయం కావలసినప్పుడు మాటకు మెరుగులు పెట్టకండి, భయపడి సగం మింగకండి. కావలసింది ఏమిటో ఉన్నది ఉన్నట్టు అడగండి, ఇచ్చేవాళ్ళు మొదటి వీధిలోనే ఉంటారు.